డినాన్‌లో గంటా ఇరవై నిమిషాలు: మీ యూరప్ యాత్రపై నా ఫిర్యాదు

పర్యటనల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. గత జూన్‌లో మీ సంస్థ నడిపిన పన్నెండు రోజుల యూరప్ యాత్రకు నేనూ, డెబ్బై రెండేళ్ళ మా నాన్నగారూ వచ్చాం. ఇద్దరికీ కలిపి 5,70,000 రూపాయలు కట్టాం. ఈ ఉత్తరం ఆ యాత్రలో ఐదో రోజు గురించి. ఆ రోజు బెల్జియంలోని డినాన్ అనే చిన్న ఊరు చూపిస్తామని మీరు రాతపూర్వకంగా మాట ఇచ్చారు. చూపించలేదు.

మీ బ్రోచర్ ఇప్పుడు నా ముందే ఉంది. ఐదో రోజు కింద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "డినాన్‌లో పూర్తి రోజు. కొండపై కోట, నోత్ర్ దామ్ చర్చి, శాక్సోఫోన్ సృష్టికర్త అడాల్ఫ్ శాక్స్ పుట్టిన వీధి, బయార్ శిల. మధ్యాహ్నం స్థానిక వంటకాలతో భోజనం." పక్కనే పొయ్యిలోంచి అప్పుడే తీసిన ఫ్లామిష్ అనే స్థానిక వంటకం బొమ్మ. ఆ భోజనానికి విడిగా తలకు 3,200 రూపాయలు తీసుకున్నారు. రసీదు జత చేశాను.

జరిగింది ఇది. ఉదయం తొమ్మిదికి బ్రస్సెల్స్ హోటల్ నుంచి బస్సు కదిలింది. నేరుగా డినాన్ దారి పట్టకుండా నగరంలోనే చాక్లెట్లూ జ్ఞాపికలూ అమ్మే ఒక దుకాణం ముందు ఆగింది. అక్కడ గంటా యాభై నిమిషాలు గడిచాయి. ఈ దుకాణం మాట మీ బ్రోచర్‌లో ఎక్కడా లేదు. తరువాత సుమారు తొంభై కిలోమీటర్లు ప్రయాణించి డినాన్ చేరేసరికి మధ్యాహ్నం 12.40 అయింది. సరిగ్గా రెండు గంటలకు బస్సు లక్సెంబర్గ్‌కు బయలుదేరింది. పూర్తి రోజు అని మీరు రాసినది గంటా ఇరవై నిమిషాలు. అందులోనూ నలభై నిమిషాలు బస్సు పక్కన నిలబడి అన్నం తినడానికే పోయాయి.

తిరిగి వచ్చాక మీ కార్యాలయానికి ఫోను చేస్తే, రద్దీ వల్ల ఆలస్యమైతే కార్యక్రమం మారవచ్చునని షరతుల్లో రాశామన్నారు. ఆ రోజు దారిలో రద్దీ లేదు. మా డ్రైవరు సమయం తప్పకుండా, ఎంతో జాగ్రత్తగా బస్సు నడిపారు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆలస్యం మీరు ఆపించిన దుకాణం వల్ల జరిగింది. దాన్ని రద్దీ ఖాతాలో వేయకండి.

ఈ యాత్రలో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్ ఉండగా ఒక చిన్న ఊరి కోసం ఇంత పట్టుదల దేనికని మీరు అనుకోవచ్చు. అందుకే కారణం చెబుతున్నాను.

మా నాన్నగారు తెనాలి చుట్టుపక్కల పెళ్ళి బ్యాండులో ముప్ఫై ఎనిమిదేళ్ళు శాక్సోఫోన్ వాయించారు. వేసవి ముహూర్తాల్లో ఒక ఊరేగింపు ముగించి, తెల్లవారకముందే ఇంకో ఊరికి లారీ ఎక్కేవారు. ఆ వాద్యం మా ఇంట్లో గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా పక్కన ఉండేది. గొట్టానికి సొట్ట పడితే కంచర పనివాళ్ళ దగ్గరికి తీసుకువెళ్ళి సరిచేయించేవారు. మా అన్నయ్య చదువూ, నా చదువూ, ఇద్దరి పెళ్ళిళ్ళూ దానితోనే జరిగాయి. "ఇది ఎవరో మనిషి పేరట, ఆ మనిషి ఏ ఊరివాడో" అని ఆయన చాలాసార్లు అనేవారు. అడాల్ఫ్ శాక్స్ డినాన్‌లో 1814 నవంబరు 6న పుట్టారనీ, వాద్యాలు తయారుచేసే కుటుంబమనీ, 1846లో పారిస్‌లో శాక్సోఫోన్‌కు పేటెంటు తీసుకున్నారనీ నేను చదివి చెప్పాను. అంత గొప్ప వాద్యాన్ని చేసినా దివాలా తీసి, 1894లో పేదవాడిగానే పోయారని చెప్పినప్పుడు నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. మీ బ్రోచర్‌లో ఆ వీధి పేరు చూసే ఈ యాత్రకు డబ్బు కట్టాను. బుక్ చేసేటప్పుడు ఈ మాట మీ ఉద్యోగికి స్పష్టంగా చెప్పాను కూడా. "అది తప్పకుండా ఉంటుంది మేడం" అని ఆమె పంపిన సందేశం జత చేశాను.

ఆ ఊరు ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్పనివ్వండి. మ్యూజ్ నది ఒడ్డున, నిటారుగా లేచిన రాతి కొండకు ఆనుకుని ఇళ్ళు వరుసగా ఉంటాయి. కొండకూ నదికీ మధ్య ఉన్న కాస్త చోటులోనే ఊరంతా. కొండ పాదం దగ్గర నోత్ర్ దామ్ చర్చి. 1228లో కొండచరియ విరిగిపడి పాత చర్చి కూలిపోతే దాని స్థానంలో కట్టినది. పైన ఉల్లిగడ్డ ఆకారంలో నల్లటి గుమ్మటం. దాని వెనకే, ఇంకా పైన, కోట. మధ్యయుగంలో ఈ ఊరు ఇత్తడి, రాగి పనికి ఎంత పేరు పడిందంటే, ఆ తరహా లోహపు సామానుకు ఫ్రెంచిలో ఊరి పేరు మీదుగానే దినాందెరీ అనే మాట పుట్టింది. 1466లో బర్గండీ సైన్యం ఊరిని తగలబెడితే ఆ పనివాళ్ళు చెల్లాచెదురయ్యారు. మన పెంబర్తి, బుడితి లాంటి ఊరన్నమాట. శాక్సోఫోన్ చేసిన మనిషి కంచర పనివాళ్ళ ఊళ్ళో పుట్టాడని చెప్పినప్పుడు నాన్నగారి ముఖంలో కనిపించిన వెలుగు నాకు ఇంకా గుర్తుంది. ఇవన్నీ నేను ఇంటి దగ్గర చదువుకుని వెళ్ళినవి. మీ గైడ్ గారు వీటిలో ఒక్కటీ చెప్పలేదు.

ఆయన చెప్పినవి వేరు. బస్సు ఆగగానే కోట వైపు చెయ్యి చూపించి, "పైకి 408 మెట్లు ఉన్నాయి, పెద్దవాళ్ళు ఎక్కలేరు, కింది నుంచే ఫొటోలు తీసుకోండి" అన్నారు. మెట్లు 408 అన్నది నిజమే. కానీ చర్చి పక్కనుంచే కోట మీదికి కేబుల్ కారు నడుస్తుంది. ఆ మాట ఆయన చెప్పలేదు. మా బృందంలో ముప్ఫై నలుగురిలో సగానికి పైగా అరవై దాటినవాళ్ళే. వాళ్ళందరూ ఎక్కలేమనుకుని ఆగిపోయారు. గైడ్‌కు తెలియకపోతే అది మీ శిక్షణలోని లోపం. తెలిసీ చెప్పకపోతే దానికి ఏ పేరు పెట్టాలో మీరే ఆలోచించండి. లెఫ్ బీరు ఇక్కడే కాస్తారనీ చెప్పారు. ఈ ఊళ్ళోని లెఫ్ మఠం 1152 నాటిదన్న మాట నిజం. ఆ బీరు మాత్రం ఇప్పుడు లువెన్ నగరంలో తయారవుతోంది. నది పక్కన నిటారుగా నిలిచిన బయార్ శిల అనే రాతి స్తంభం గురించి ఒక్క మాట రాలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి 1914 సంగతి మరీ బాధ కలిగించింది. ఆ ఏడాది ఆగస్టు 23న, దాని చుట్టుపక్కల రోజుల్లో జర్మన్ సైన్యం ఈ ఊళ్ళో 674 మంది మామూలు పౌరులను చంపింది. అప్పటి జనాభాలో దాదాపు పదో వంతు. మూడు వారాల పసికందు కూడా వాళ్ళలో ఉంది. చనిపోయినవాళ్ళ పేర్లతో ఊళ్ళో స్మారకం ఉంది. మీ గైడ్ గారు దీన్ని "ఇక్కడ ఏదో యుద్ధం జరిగింది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఇంకొకరి ఊరికి అతిథులుగా వెళ్ళి, వాళ్ళ చావులను అలా దాటేయడం నాకు సిగ్గుగా అనిపించింది.

ఇక భోజనం. నిలిపిన బస్సు దగ్గరే పార్సిళ్ళు పంచారు. బ్రస్సెల్స్ నుంచి తెచ్చిన కూరగాయల పలావు, పెరుగు పచ్చడి. అప్పటికే చల్లారిపోయింది. మన అన్నం మీద నాకు చిన్నచూపు ఏమీ లేదు. మూడో రోజు రాత్రి మీరు పప్పన్నం పెడితే అందరం కళ్ళకద్దుకుని తిన్నాం. కానీ ఇక్కడ డబ్బు తీసుకున్నది ఫ్లామిష్‌కు. వెన్న, గుడ్లు, ఘాటైన స్థానిక చీజు కలిపి పిండి పళ్ళెంలో పోసి కాల్చే వంటకం అది. పొయ్యిలోంచి తీసిన వెంటనే, పొగలు కక్కుతుండగా తినాలి. పార్సిల్ కట్టి తెచ్చేది కాదు. ఆ ఊరికి వెళ్ళి ఆ ఊళ్ళోనే తినాలి. స్థానిక భోజనమని మీరు విడిగా సొమ్ము తీసుకున్నది అందుకే కదా. అడిగితే "మనవాళ్ళకు ఆ రుచి నచ్చదు మేడం" అని సమాధానం వచ్చింది. మాకు ఏది నచ్చుతుందో తిన్న తరువాత మేం చెప్పాలి.

నేను పార్సిల్ పక్కన పెట్టి, నాన్నగారి చెయ్యి పట్టుకుని వంతెన వైపు నడిచాను. ఆ వంతెనకు, తరువాతి కాలంలో ఫ్రాన్స్ అధ్యక్షుడైన షార్ల్ ద గాల్ పేరు పెట్టారు. 1914 ఆగస్టు 15న, యువ సైనికాధికారిగా ఉన్నప్పుడు, ఆయన అక్కడే గాయపడ్డారు. ఇప్పుడు దాని పొడవునా ఒక్కొక్క దేశానికి ఒక్కొక్కటి చొప్పున రంగురంగుల పెద్ద శాక్సోఫోన్లు నిలబెట్టారు. నాన్నగారు మొదటిదాని దగ్గర ఆగి, మీటలు ఉండే చోట వేళ్ళు పెట్టి చూశారు. మోకాళ్ళ నొప్పి వల్ల ఆయన నడక నెమ్మది. వంతెన దాటి చర్చి ముందుకు వచ్చేసరికి గైడ్ నుంచి ఫోను: పది నిమిషాల్లో బస్సు బయలుదేరుతుంది, రాకపోతే ఆగదు. శాక్స్ వీధి అక్కడికి కొద్ది నిమిషాల నడక. అక్కడ ఆయన పుట్టిన చోట చిన్న ప్రదర్శనశాల, ముందు బల్ల మీద కూర్చున్న ఆయన కంచు విగ్రహం ఉన్నాయి. ఆ విగ్రహం పక్కన నాన్నగారిని కూర్చోబెట్టి ఫొటో తీయాలని నా కోరిక. నేను గైడ్‌తో వాదిస్తుంటే నాన్నగారే "పోనీలే అమ్మా, పద" అని వెనక్కి తిరిగారు. జీవితమంతా పిలిచినప్పుడు వాయించి, చాలన్నప్పుడు ఆపిన మనిషి ఆయన. అందుకే అంత తేలికగా తిరిగారు. మీరు ఆ తేలికను మన్నింపు అనుకోకూడదు.

బస్సు దగ్గరికి వెళ్ళేదారిలో ఒక బేకరీలో కూక్ అనే ఆ ఊరి తినుబండారం కొన్నాం. పిండి, తేనె, అంతే. నీళ్ళు కూడా కలపరు. చెక్కిన కర్ర అచ్చుల్లో నొక్కి కాలుస్తారు. రాయిలా గట్టిగా ఉంటుంది. దుకాణంలోని పెద్దావిడకు మా భాష రాదు, మాకు ఆవిడ భాష రాదు. అయినా పళ్ళు చూపించి, వద్దని వేలు ఊపి, ముక్కలుగా విరిచి నోట్లో నాననివ్వాలని సైగలతోనే చెప్పింది. ఆవిడకున్న ఆ కాస్త శ్రద్ధ మీ వాళ్ళకు లేకపోయింది. బస్సులో గైడ్ గారే అందరికీ తలా ఒక ముక్క పంచి, ఎలా తినాలో చెప్పలేదు. మా బృందంలోని ఒక పెద్దావిడ బిస్కెట్టు అనుకుని కొరికి, పంటి తొడుగు ఊడగొట్టుకున్నారు. మిగిలిన ఏడు రోజులూ ఆవిడ గంజి, పెరుగన్నంతో నెట్టుకొచ్చారు. ఆవిడ వైద్యం ఖర్చు గురించి వారి అబ్బాయి మీకు విడిగా రాస్తున్నారు. దానికి కూడా సమాధానం ఇవ్వండి.

నేను అడుగుతున్నవి ఇవి. స్థానిక భోజనం పేరిట తీసుకున్న 6,400 రూపాయలూ పూర్తిగా తిరిగి ఇవ్వాలి. ఇద్దరి యాత్ర రుసుములో ఐదో రోజు వాటాగా 47,500 రూపాయలు చెల్లించాలి. బృందంలోని మిగిలినవాళ్ళకూ ఆ భోజనం డబ్బు ఇవ్వాలి. అడిగినవాళ్ళకు ఇచ్చి అడగనివాళ్ళకు ఎగ్గొట్టడం న్యాయం కాదు. అన్నిటికంటే ముందు ఆ బ్రోచర్ మార్చండి. డినాన్‌లో గంటన్నర కూడా ఆపలేకపోతే గంటన్నర ఆపలేమనే రాయండి. దుకాణం దగ్గర ఆపేటట్టయితే ఎంతసేపో అదీ రాయండి. చదివి, ఇష్టమైనవాళ్ళు వస్తారు. వచ్చే యాత్రల్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కేబుల్ కారు సంగతి ముందే చెప్పించండి.

డబ్బు తీసుకుని, రాసిన సేవ అందించకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం. ఆ చట్టం కింద నేను ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా సమాధానం రాకపోతే ఆ పని చేస్తాను. ఫోనులో ఇచ్చే హామీలను సమాధానంగా తీసుకోను.

బ్రోచర్ నకలు, భోజనం రసీదు, మీ ఉద్యోగి సందేశం, ఆ రోజు బస్సు ఆగిన సమయాలు కనిపించే ఫొటోలు, బృందంలోని పదకొండు మంది సంతకాలతో కూడిన కాగితం దీనితో పంపుతున్నాను.

ఇట్లు,
మీ యాత్రలో ఐదో రోజు డినాన్ చూడలేకపోయిన ప్రయాణికురాలు,
తెనాలి