టార్చి లైటు లేని పెస్ట్ కంట్రోల్: మీ కంపెనీకి నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మా ఇంటి ఏడాది పెస్ట్ కంట్రోల్ కాంట్రాక్టులో మూడు సర్వీసులు అయిపోయినా ఒక్క పురుగూ తగ్గలేదు

నమస్తే అండి. మీ కాల్ సెంటర్‌కి ఇప్పటికి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఆరుసార్లూ "మీ కంప్లయింట్ రిజిస్టర్ అయింది సార్" అన్నారు, ప్రతిసారీ ఒక కొత్త నంబరు ఇచ్చారు, ఆ నంబర్లన్నీ క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నాను. ఇక ఫోన్లు మానేసి రాస్తున్నా. కొంచెం పెద్ద ఉత్తరమే, కానీ మధ్యలో ఆపకుండా చదవండి.

మాది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. జూన్‌లో 8,500 రూపాయలు కట్టి బొద్దింకలకీ, చీమలకీ, ఎలుకలకీ కలిపి కాంట్రాక్టు తీసుకున్నాం. మొదటి సర్వీసుకి మీ అబ్బాయి పంపు భుజాన వేసుకుని వచ్చాడు, బూట్లు విప్పాడు, "ఎక్కడెక్కడ కొట్టాలి సార్" అని అడిగాడు. అసలు నా గొడవంతా ఆ ప్రశ్న దగ్గరే మొదలైంది. ఎక్కడ కొట్టాలో నాకు తెలిస్తే మిమ్మల్ని ఎందుకు పిలుస్తానండీ? ఏం పురుగు, ఎంత సైజు, ఎప్పుడు కనపడుతోంది, ఎక్కడ ఎక్కువ... ఇవేవీ అడగలేదు. ఒక్క సొరుగు లాగి చూడలేదు. ఇరవై నిమిషాల్లో అన్ని గదుల మూలలకీ ఒకే మందు కొట్టేసి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

ముందు బొద్దింకల సంగతి. మీరు వాటిని ఒకటే జాతి అనుకుంటున్నట్టున్నారు. మా ఇంట్లో రెండు రకాలు ఉన్నాయి. బాత్‌రూమ్ జాలీలోంచి అప్పుడప్పుడూ ఒకటి వస్తుంది, ఖర్జూరం రంగు, ఒకటిన్నర అంగుళం ఉంటుంది, మీదకి ఎగిరి మా ఆవిడ చేత కేకలు పెట్టిస్తుంది. అది డ్రైనేజీ బొద్దింక, అమెరికన్ బొద్దింక అంటారు. జాలీకి మూత పెట్టి, పైపుల్లో నీళ్ళు నిలిచేలా చూసుకుంటే దాని రాకపోకలు చాలావరకు తగ్గుతాయి, దాని గురించి నాకు పెద్ద బాధ లేదు. రెండోది వంటింట్లో ఉన్నది. అర అంగుళం కూడా సరిగ్గా ఉండదు, లేత గోధుమ రంగు, మెడ వెనక పక్కపక్కన రెండు నల్ల గీతలు. రెక్కలు ఉన్నా ఎగరదు. ఇది జర్మన్ బొద్దింక, దీనికి డ్రైనేజీతో పని లేదు, వెచ్చదనం, కాస్త తడి, సన్నటి సందు ఉంటే చాలు అక్కడే కాపురం. మా ఇంట్లో అది ఫ్రిజ్ మోటారు వెనకా, మిక్సీ అడుగునా, కబోర్డు తలుపుల బందుల్లోనూ ఉంది. ఆడది గుడ్ల సంచిని ఒంటికి తగిలించుకునే తిరుగుతుంది, పిల్లలు బయటికి వచ్చే ముందుగానీ వదలదు, ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లు. అంటే మీరు పెద్ద వాటిని కొన్నింటిని చంపినా, గుడ్ల మీద మీ స్ప్రే పెద్దగా పని చేయదు కాబట్టి మూడు నాలుగు వారాలకి కొత్త మంద తయారు. సరిగ్గా అదే జరిగింది మాకు. మొదటి సర్వీసు అయిన పది రోజులు శుభ్రంగా ఉంది, నేను కూడా మీకు ఐదు స్టార్లు ఇచ్చేశాను (అవి ఇప్పుడు వెనక్కి తీసుకున్నా), ఆ తరవాత చీమ తలకాయంత పిల్లలు గట్టు మీద పరుగులు.

పైగా ఆ స్ప్రే దెబ్బకి వంటింట్లో ఉన్నవి చెదిరిపోయి హాల్లో టీవీ వెనక్కి చేరాయి. అంతకుముందు హాల్లో ఒక్కటీ లేదు.

రెండో సర్వీసుకి ఇంకొకాయన వచ్చాడు. నేను గొడవ చేశానని జెల్ తెచ్చాడు. సంతోషించాను, ఎందుకంటే ఈ చిన్న బొద్దింకలకి జెల్లే సరైన మందు. అవి దాన్ని తిని సందుల్లోకి పోయి చస్తాయి, మిగిలినవి వాటి పెంటనీ శవాలనీ తిని అవీ చస్తాయి. చుక్కలు చుక్కలుగా బందుల్లో పెట్టాడు, బాగానే పెట్టాడు పాపం. పెట్టిన ఐదు నిమిషాలకి పంపు తీసి ఆ చుక్కల మీదే స్ప్రే కొట్టాడు! "డబుల్ ఎఫెక్ట్ సార్" అన్నాడు. డబుల్ ఎఫెక్టా? ఎర పెట్టి దాని మీద ఘాటు మందు కొడితే ఏ బొద్దింక దగ్గరికి వస్తుంది? విస్తట్లో అన్నం పెట్టి పైన కిరసనాయిలు పోసినట్టు. మూడు వారాల తరవాత కూడా ఆ చుక్కలు పెట్టినవి పెట్టినట్టే ఎండిపోయి ఉన్నాయి, ఫొటోలు తీశాను, కావాలంటే పంపిస్తాను.

చీమల సంగతీ ఇంతే, త్వరగా చెప్పేస్తాను. మా ఇంట్లోవి ఎర్ర చీమలు కాదు, గండు చీమలు అంతకన్నా కాదు, లేత పసుపు రంగులో రెండు మిల్లీమీటర్లు ఉండే ఫారో చీమలు. ఒక్కో పుట్టలో రాణులు చాలామంది ఉంటారు, మందు కొట్టి కంగారు పెడితే వేరు కాపురాలు పెట్టేసి నాలుగు చోట్లకి పాకుతాయి. జూన్‌లో చక్కెర డబ్బా దగ్గర ఒకే బారు ఉండేది, ఆగస్టుకి స్విచ్ బోర్డులోంచి ఒకటి, కిటికీ నుంచి ఒకటి, పూజ గూట్లోంచి ఒకటి. వాటికీ తీపి ఎరే పెట్టాలి, పంపు కాదు.

ఇప్పుడు ఎలుక. ఇది చెప్పేటప్పుడు మాత్రం నాకు కోపంతో పాటు నవ్వు కూడా వస్తుంది. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. రాత్రిపూట సింకు కింద కీచు కీచుమని చప్పుడు, ఒక రకమైన కంపు. మీవాళ్ళు జిగురు అట్ట పెట్టారు, పొద్దున్నే అందులో ఒకటి పడింది. మీ ఆయన దాన్ని ఫొటో తీసి "ఎలుక పట్టుబడింది" అని రాసుకుని కేసు క్లోజ్ చేశాడు. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇది ఎలుకేంటి బాబూ, చుంచు. మూతి చూడు ఎంత పొడుగ్గా సూదిలా ఉందో, కళ్ళు ఉన్నాయో లేవో కూడా తెలీట్లేదు, ఈ కంపు ఎలుకది కాదు" అంది. ఆవిడ మాటే నిజం. చుంచు ఎలుకల జాతే కాదు, అది పురుగుల్ని తినే జంతువు. గోడ వారన మూతి ఆడిస్తూ తిరిగేది మా బొద్దింకల కోసమే. అంటే మూడు నెలల్లో ఈ ఇంట్లో బొద్దింకల్ని నిజంగా తగ్గించిన ఒకే ఒక్క ప్రాణిని మీరు జిగురులో చంపి, దాన్నే మీ విజయంగా రిపోర్టులో రాసుకున్నారు.

మరి ఎలుక లేదా అంటే ఉంది, అది అటక మీద ఉంది. వైర్లు కొరికింది, పాత దుప్పట్లు చింపింది. అటక మీద పెంటికలు ఏరి కాగితంలో పెట్టి మీ ఆయనకి చూపించాను. అర అంగుళం పొడవు, రెండు చివర్లా సన్నగా ఉన్నాయి. చిట్టెలుకవైతే బియ్యపు గింజంత కూడా ఉండవు. ఇవి ఇంటి కప్పుల మీద తిరిగే నల్ల ఎలుకవి, ఒంటికన్నా తోక పొడుగ్గా ఉంటుంది, పైపులూ కేబుళ్ళూ పట్టుకుని ఎన్ని అంతస్తులైనా ఎక్కుతుంది. నేలలో బొరియలు తవ్వే పందికొక్కు మూడో అంతస్తు దాకా ఎందుకు వస్తుంది? కానీ మీ ఆయన "పందికొక్కు సార్, కింద పార్కింగ్‌లో విషం కేకులు పెడతాం" అని కింద పెట్టాడు. నేను అరిస్తే పైన ఒక బోను పెట్టి, మర్నాడు పొద్దున ఖాళీగా ఉందని తీసుకెళ్ళిపోయాడు. ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం, కొన్ని రోజులు దాని చుట్టూ తిరిగి చూసిగానీ ముట్టుకోదు. ఇది మా ఊళ్ళో ధాన్యం కొట్లలో పని చేసే కుర్రాళ్ళకి కూడా తెలుసు, బోనులో ఎర పెట్టి తలుపు కట్టేసి రెండు మూడు రాత్రులు ఊరికే తిననిస్తారు, ఆ తరవాతే తలుపు బిగిస్తారు.

తరవాత ఏం చేశారంటే, నాకు చెప్పకుండా ఫాల్స్ సీలింగ్‌లోకి విషం కేకులు విసిరేశారు. అవి రక్తం గడ్డ కట్టకుండా చేసే మందు, తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా అది ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. మాది సీలింగ్‌లోనే పోయింది. తొమ్మిది రోజులు ఆ కంపు, చుట్టాలు వస్తామంటే వద్దన్నాం, చివరికి కార్పెంటర్‌ని పిలిచి ఒక పలక కోయించి తీయించాం, దానికి 1,200 అయింది. ఇంతా చేసి అది ఏ దారిన లోపలికి వచ్చిందో మీవాళ్ళు ఒక్కసారీ వెతకలేదు. నేనే వెతికాను. ఏసీ పైపు గోడలోంచి పోయేచోట రూపాయి బిళ్ళకన్నా పెద్ద కంత, చుట్టూ ఒంటి జిడ్డు రాసుకున్న నల్లటి మరక. ఇనుప జాలి కుక్కి సిమెంటు పెట్టించాను. సింకు కింద కంత కూడా మూయించాను, ఎందుకంటే చిట్టెలుకకి పెన్సిల్ పట్టేంత సందు చాలు.

ఇక మీ సేల్స్ ఆయన. మూడో సర్వీసుతో పాటు వచ్చి, మంచం కింద తెల్లటి పొడి చూపించి "చెదలు పట్టేసింది సార్, ఇల్లంతా పోతుంది" అని 22,000కి కొటేషన్ ఇచ్చాడు, గోడ వారన ఫ్లోరింగ్‌కి కంతలు వేసి మందు ఎక్కిస్తారట. సాక్ష్యంగా ట్యూబ్‌లైటు కింద రాలిన ఉసిళ్ళ రెక్కలు కూడా చూపించాడు. ఉసిళ్ళు చెదల జాతే, కాదనను. కానీ వాన వెలిసిన సాయంత్రం కిటికీ తెరిచి లైటు వేస్తే ఊరందరి ఇళ్ళలోకీ వస్తాయి. మా అమ్మ అయితే "వానాకాలం లైటుకి ఉసిళ్ళు రాక ఏనుగులొస్తాయా" అని మొహం మీదే అడిగేసింది. చెదలు ఉంటే గోడ మీద మట్టి దారులు కనపడాలి, చెక్కని తడితే లోపల డొల్లగా మోగాలి, పొడిస్తే లోపల మట్టి ఉండాలి. మా మంచానికి గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి చిన్న కంతలు, వాటిలోంచి ముగ్గుపిండి లాంటి మెత్తటి పొడి. అది చెక్క పుచ్చు, లోపల తొలిచే పురుగు వేరే జాతి. సీలింగ్ కోయడానికి వచ్చిన కార్పెంటరే చూసి చెప్పాడు. మంచానికి ఉన్న పుచ్చుకి ఇల్లంతా నేలకి కంతలు వేయడం ఏ వైద్యమండీ? నేను సరే అని ఉంటే ఆ 22,000 పోయేవి, పుచ్చు మాత్రం మంచంలోనే ఉండేది.

మందు సంగతి కూడా అడగాలి. మా బాబుకి ఆరేళ్ళు. ఏం మందు కొడుతున్నారని మూడుసార్లూ అడిగాను. ఒకరు "హెర్బల్" అన్నారు, ఒకరు "వాసన రానిది" అన్నారు, మూడో ఆయన పంపులో కలిపేసి తెచ్చాం, డబ్బా ఆఫీసులో ఉందన్నాడు. పురుగు మందు డబ్బా మీద విషం స్థాయిని బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఏదో ఒకటి ఉంటుందని నాకు తెలుసు. మా ఇంట్లో కొట్టినదానికి ఏ రంగో చెప్పడానికి మీకేం అభ్యంతరం? 1968 నాటి పురుగు మందుల చట్టం కింద ఈ పని చేసేవాళ్ళకి లైసెన్సు ఉండాలి. దాని కాపీ కూడా కావాలి. ఒకసారైతే బోర్లించిన పళ్ళేల స్టాండు మీద కూడా కొట్టేశారు, సామాన్లు తీయమని ముందు ఒక్క మాట చెప్పలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. మీ కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. రెండో ఆయన్ని అడిగితే రోజుకి పదకొండు ఇళ్ళు తిరగాలన్నాడు, ఇంటికి ఇరవై నిమిషాలు దాటితే ఆఫీసు నుంచి ఫోన్ వస్తుందట. అట్లాంటప్పుడు ఫ్రిజ్ జరిపి ఎవరు చూస్తారు?

నాకు కావలసింది ఇది. పురుగుల్ని గుర్తుపట్టగలిగిన మనిషిని పంపండి, పంపు లేకుండా రమ్మనండి. ముందు చూసి, ఏది ఉంది, ఎక్కడ ఉంది, దేనికి ఏం చేస్తారు అన్నది కాగితం మీద రాసివ్వండి. వంటింట్లో స్ప్రే ఆపి మళ్ళీ జెల్ పెట్టండి, మూడు వారాలకి మళ్ళీ వచ్చి చూడండి. ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు రాసివ్వండి. కార్పెంటర్‌కి అయిన 1,200 ఇవ్వండి. ఇదంతా కుదరదంటారా, 8,500 వాపసు వేసి కాంట్రాక్టు రద్దు చేసుకోండి, దానికీ నాకు అభ్యంతరం లేదు. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తరవాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు కూడా లేదు. ఫొటోలు, మీ సర్వీసు స్లిప్పులు, ఆరు కంప్లయింట్ నంబర్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి.

నిన్న రాత్రి 11 గంటలకి వంటింట్లో లైటు వేయకుండా వెళ్ళి ఫ్రిజ్ వెనక టార్చి కొట్టి లెక్కపెట్టాను. ఇరవై మూడు కనిపించాయి, రెండింటికి గుడ్ల సంచులు ఉన్నాయి. మీరు పంపేవాళ్ళని కూడా రాత్రి ఎనిమిది దాటాక పంపండి, టార్చి తెచ్చుకోమనండి.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయవాడ