ప్రధానోపాధ్యాయులను తరగతి గదిలోకి వెళ్లనివ్వండి

ప్రభుత్వ పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయుడు (హెచ్‌ఎం) తోటి టీచరు చెప్పే పాఠం కూర్చుని వినడం అరుదైపోయింది. 2020 జాతీయ విద్యావిధానం టీచర్లకూ, ప్రధానోపాధ్యాయులకూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. నేను చూసినంతలో అది ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ యాప్ ‘దీక్ష’లో వీడియోలు నడిపించి సర్టిఫికెట్ తీసుకోవడంతో ముగుస్తోంది. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లలో ఎక్కించేసరికే హెచ్‌ఎంలకు సగం పూట గడిచిపోతోంది. ఎప్పుడైనా తరగతికి వెళ్లినా లెసన్ ప్లాన్ రాశారా, నోట్సులు దిద్దారా అని చూసి సంతకం పెట్టి వస్తారు. భాగహారం దగ్గర పిల్లలు ఎందుకు ఆగిపోయారో టీచరుతో కూర్చుని మాట్లాడేవారు లేరు. హెచ్‌ఎంలను అని లాభం లేదు, వాళ్లకు మాత్రం అది ఎవరు నేర్పారు? యాప్‌ల పని వేరే సిబ్బందికి అప్పగించి, వారానికి రెండు పీరియడ్లు హెచ్‌ఎం పాఠం వినడానికే కేటాయించాలి. పాఠం అయ్యాక పావుగంట ఇద్దరూ మాట్లాడుకోవాలి. హెచ్‌ఎం ముందు అడగాలి, తర్వాతే చెప్పాలి. ఆ మాటలు రిజిస్టరుకెక్కకూడదు, మెమోలకు ఆధారం అసలే కాకూడదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివి వినిపించడం తగ్గించి ఈ పద్ధతిని సాధన చేయించాలి. ఏకోపాధ్యాయ బడులకైతే పక్క ఊరి సీనియర్ టీచరును నెలకోసారి పంపవచ్చు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసరావుపేట