శీనూ, ముందు మామయ్య బీరువా తెరువు

హైదరాబాద్, ఆదివారం రాత్రి

అరేయ్ శీనూ,

"కెమెరా మారుస్తున్నా, నికాన్ డీ850 కొనాలా, కానన్ 5డీ మార్క్ 4 కొనాలా, ఒక్క మాటలో చెప్పు" అని మెసేజ్ పెట్టావు. ఒక్క మాటలో అయితే, రెండూ వద్దు. ఎందుకో చెప్పాలంటే ఉత్తరం రాయాల్సిందే. చాయ్ పెట్టుకుని కూర్చో.

ముందు నా బాగోతం విను. ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ కెమెరా పిచ్చిలో సెకండ్ హ్యాండ్ కానన్ 6డీ కొని నీకు గొప్పగా ఫోటో పంపాను కదా. నీకు చెప్పని ముక్క ఒకటుంది. ఆ రోజు ఇంటికొచ్చి నా 10-18 లెన్సు బిగించబోతే అది ఎక్కనే ఎక్కదు! చిన్న సెన్సర్ కెమెరా బాడీల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సు అది, ఫుల్‌ఫ్రేమ్ కానన్‌కి పట్టదు. 55-250 కూడా అంతే. మా ఆవిడ ఒకసారి కెమెరా వంక, ఒకసారి నా వంక చూసి, "స్టవ్ తెచ్చావు, సిలిండర్ ఏదీ?" అంది. మళ్లీ అప్పు చేసి 50 ఎంఎం కొన్నాక గానీ మొదటి ఫోటో తియ్యలేదు.

నీది నికాన్ కాబట్టి ఆ గతి పట్టదు. కానీ వేరే తిరకాసుంది. నీ 18-55, 35 రెండూ డీఎక్స్ లెన్సులు, అంటే చిన్న సెన్సర్‌కి చేసినవి. ఫుల్‌ఫ్రేమ్ బాడీకి ఎక్కుతాయి, కానీ కెమెరా వాటిని గుర్తుపట్టి సెన్సర్ మధ్య ముక్క మాత్రమే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల డీ750కి తగిలిస్తే వచ్చేది 10 మెగాపిక్సెళ్ల ఫోటో. అవే లెన్సులతో నీ పాత డీ5300 ఇప్పుడే 24 ఇస్తోంది. లక్షలు పోసి వెనక్కి నడవడం ఎందుకు చెప్పు?

అలాగని ఫుల్‌ఫ్రేమే వద్దని కాదు. 36 బై 24 మిల్లీమీటర్ల సెన్సర్ అంటే నీ దానికి రెండింతల కంటే పెద్దది. చీకటి స్టేజీ మీద ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుగు) పైచిలుకు కలిసొస్తుంది. నువ్వు పిట్టల్ని తీసేవాడివైతే నేనే వద్దనేవాణ్ని, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగడానికి చిన్న సెన్సరే మేలు. కానీ నీ గోలంతా జనవరిలో రవీంద్రభారతిలో మన చిన్ని చెయ్యబోయే కూచిపూడి రంగప్రవేశం గురించి కదా.

నిన్న నీకోసమే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. డీ850 పట్టుకుంటే కిందపెట్టబుద్ధి కాలేదురా, నిజం. కానీ 45.7 మెగాపిక్సెళ్లు. ఒక్కో రా ఫైలు (కెమెరా ఏమీ మార్చకుండా ఇచ్చే పచ్చి ఫోటో) దాదాపు 50 ఎంబీ. ఆ సాయంత్రం వెయ్యి ఫోటోలు తీస్తావు, అంటే 50 జీబీ. నీ ల్యాప్‌టాప్ బ్రౌజర్ తెరవడానికే ఆయాసపడుతోంది. 5డీ మార్క్ 4 కూడా మంచిదే, కానీ లెన్సులన్నీ మొదటి నుంచి కొనాలి. పైగా కానన్ జూమ్ రింగు నికాన్‌కి రివర్సులో తిరుగుతుంది, పదేళ్ల చేతివాటం ఆ రోజే తడబడుతుంది.

ఇక నేను కొనమనేది, సెకండ్ హ్యాండ్ డీ750. ఆఫీసులో ఒకతని దగ్గర అడుక్కుని, నా 6డీతో పాటు రాత్రి లాడ్ బజార్‌కి తీసుకెళ్లాను. ఒక గాజుల కొట్టులో పెద్దాయన బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరుస్తున్నాడు. ముఖం మీద కింది నుంచి ఎర్రటి వెలుగు, వెనకంతా చీకటి. అడిగే తీశాలే. ఒక స్కూటర్ సీటు మీద కెమెరా ఆనించి, నిప్పులు తెల్లబడిపోకుండా ఐఎస్‌ఓ 200లో కాస్త తక్కువ ఎక్స్‌పోజర్‌తో రెంటితోనూ తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో నీడల్ని పైకి లేపితే, అంటే చీకటి భాగాల్ని వెలిగిస్తే, నా 6డీలో ఆయన నల్ల కోటు మీద అడ్డగీతలు, రంగు మచ్చలు. డీ750లో కోటు మడతలు, జేబులోంచి తొంగిచూస్తున్న కళ్లజోడు కాడ కూడా కనిపించాయి. కడుపు మండింది. చీకట్లో వాడే ఐఎస్‌ఓ 6400లో మాత్రం దొందూ దొందే, అక్కడ నాది ఏమీ తీసిపోదు.

స్టేజీకి పనికొచ్చేది ఇంకోటుంది. డీ750లో హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ ఉంది, అంటే బాగా వెలుగున్న చోటుని బట్టి ఎక్స్‌పోజర్ కొలుస్తుంది, స్పాట్‌లైట్ కింద చిన్ని ముఖం తెల్లగా మాడిపోదు. లోపమూ చెబుతా. 51 ఫోకస్ పాయింట్లూ మధ్యలోనే గుంపుగా ఉంటాయి. పళ్లెం మీద తరంగం చేసేటప్పుడు నిలువు ఫ్రేములో ముఖం పై అంచుకి వెళ్తే అక్కడ పాయింటు ఉండదు. పైన కాస్త ఖాళీ వదిలి తీసి, తర్వాత కత్తిరించుకో.

అసలు సంగతి ఇప్పుడు. స్టూడియో మూసేసినప్పుడు మీ మామయ్య బీరువాలో దాచిన 80-200 ఎఫ్2.8 డీ లెన్సు గుర్తుందా? నీ డీ5300 బాడీలో ఫోకస్ మోటారు లేదు, అందుకే బతుకమ్మ నాడు దాన్ని చేత్తో తిప్పుతూ తిట్టుకున్నావు. డీ750లో మోటారుంది. ఆ లెన్సు ఫిల్ము కాలానిది కాబట్టి ఫుల్‌ఫ్రేమ్‌కి అతికినట్టు సరిపోతుంది. ఫోకస్ చేసేటప్పుడు కాస్త గరగరమంటుంది, మృదంగం పక్కన ఎవరికీ వినపడదులే. రెండూ కలిస్తే రెండు కిలోల పైమాటే, మోనోపాడ్ నేనిస్తా. నీ దగ్గరున్న 50 ఎంఎం ఎలాగూ ఫుల్‌ఫ్రేమ్ లెన్సే. అంటే నువ్వు కొనాల్సింది ఒక్క బాడీ.

"ఈ రోజుల్లో డీఎస్‌ఎల్‌ఆర్ ఏంటి బావా" అని మీ బామ్మర్ది అంటాడు. కంపెనీలు లోపల అద్దం ఉండే ఈ డీఎస్‌ఎల్‌ఆర్‌లు వదిలి, అద్దం లేని మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోబట్టే కదా ఇవి మన ధరకి దిగాయి, అననీ.

పాత బాడీయే కాబట్టి షట్టర్ కౌంట్, అంటే ఇప్పటికి ఎన్ని ఫోటోలు తీసిందో చూడాలి. నికాన్ ఫోటో వివరాల్లోనే ఆ అంకె దొరుకుతుంది, డీ750 షట్టర్‌ని లక్షా యాభై వేలకి పరీక్షించారు. తొలి బ్యాచ్‌లలో కొన్నిటికి షట్టర్ లోపం ఉంటే 2015లో కంపెనీయే ఉచితంగా బాగుచేస్తామంది, సీరియల్ నంబర్ కూడా సరిచూద్దాం. గుజరాతీ గల్లీలో రెండు పీసులు చూసి పెట్టాను, ఒకటి గ్రిప్పు రబ్బరు ఊడింది, రెండోది బాగుంది.

వచ్చే శనివారం నల్గొండలో పొద్దున బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగు, కోఠి అక్కణ్నుంచి దగ్గరే. బయల్దేరే ముందు ఆ 80-200 లోపలికి ఫోన్ టార్చ్ కొట్టి చూడు, సాలెగూడులా తెల్లటి పోగులుంటే ఫంగస్. లేకపోతే తువ్వాలులో చుట్టి తీసుకురా. మామయ్యకి చెప్పి తే, చెప్పకుండా తెస్తే మళ్లీ నా మీదే పడతాడు.

నీ
వాసు