మహిళల సొంత కాగితాల సేకరణ: సంఘ వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉత్తరాలు, డైరీలు, జమాఖర్చుల పుస్తకాలు, ఇంట్లో ఆడవాళ్లు రాసుకున్నవి ఏవైనా సరే, పారేసే ముందు ఒకసారి చూపించండని ఈ ఏడాదంతా అడుగుతూ వచ్చాం. “అందులో ఏముందండీ, అన్నీ ఇంటి సంగతులే” అన్నవాళ్లే ఎక్కువ. మాకు కావలసినవీ అవే. పన్నుల జాబితాల్లో సాధారణంగా ఇంటి యజమాని పేరే ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరి కష్టం ఎంతో, ఎవరికి ఎవరు బాకీ పడ్డారో అక్కడ దొరకదు.

పఠన సమావేశాల్లో అందరినీ పట్టి కూర్చోబెట్టింది మార్తా బల్లార్డ్ డైరీ. ఇప్పటి అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మంత్రసానిగా పనిచేసిన ఆమె 1785 నుంచి, 1812లో చనిపోవడానికి కొద్దికాలం ముందు దాకా, దాదాపు రోజూ నాలుగు ముక్కలు రాసుకుంది: ఆ రోజు వాన, నది దాటిన తీరు, ఎవరింట్లో పురుడు, తనకు ముట్టిందెంత. పోసిన పురుళ్లు 816. చిల్లర రాతలని చాలాకాలం పక్కన పడి ఉన్న ఈ పద్దులనే చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిక్ వరసగా చదివి, నేత, పురుడు, మందు, అరువుల మీద ఆడవాళ్లు తమలో తాము నడుపుకున్న లావాదేవీలను బయటికి తీశారు. 1990లో వచ్చిన ఆ పుస్తకానికి మరుసటి ఏడాది అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి దక్కింది. పెళ్లికాని తల్లి నొప్పులు పడుతుండగా బిడ్డ తండ్రెవరని మంత్రసాని అడిగేదన్న విషయం దగ్గర మన వాదన సమయం దాటిపోయింది. అది దయా, విచారణా అన్నది ఇంకా తేలలేదు.

ఒకరి సొంత సంగతి ఎంతవరకు బయటపెట్టొచ్చన్న ఆ వాదనే కార్యవర్గానికీ పాకింది. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, రాతపై హక్కు మాత్రం రాసినవారిది. అందుకే బతికున్నవారి పేర్లున్న ఉత్తరాలను వారి అనుమతి లేకుండా ఎవరికీ చూపించకూడదని తీర్మానించాం. కొందరు దాతలు నొచ్చుకున్నారు. అయినా ఇది సరైన నిర్ణయమే.

స్కాన్ ప్రతులు ఒకేచోట ఉంటే చాలదా అని అడిగినవారికి ఆమ్‌స్టర్‌డామ్ సంగతి చెప్పాం. అక్కడ 1935లో మొదలైన మహిళా ఉద్యమ భాండాగారాన్ని 1940లో నాజీలు ఊడ్చుకుపోయారు. ఆ కాగితాలు మాస్కోలో ఉన్నట్టు 1992లో తెలిసింది, తిరిగి చేరింది 2003లో. ఇక మన రెండో ప్రతి వేరే చోటే ఉంటుంది.

కాగితాలిచ్చేవారికి ఒక మనవి. సెలోటేప్ అంటించకండి, లామినేషన్ చేయించకండి, కట్ట విప్పి తేదీల వారీగా సర్దకండి. ఆమె ఏ ఉత్తరం పక్కన ఏ రసీదు దాచుకుందో అదీ మాకు అవసరమే.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. పాత దస్తూరీ చదవగలిగినవారు జాబితా పనికి ఇంకా కావాలి. సర్వసభ్య సమావేశం రోజున పేరు ఇవ్వగలరు.

కార్యదర్శి