ఇంటి గడువు లెక్కలో కనబడని రోజులు

సంపాదకులకు,

నమస్కారం. సొంత అభిరుచికి తగ్గట్టుగా ఇల్లు కట్టుకోవాలనుకునే వారికోసం పత్రికల గృహనిర్మాణ పేజీల్లో వచ్చే కాలపట్టికలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. పునాదికి ఇన్ని వారాలు, గోడలకు ఇన్ని, స్లాబుకు ఇన్ని, ప్లాస్టరింగు నుంచి రంగుల దాకా ఇన్ని, వెరసి ఇన్ని నెలలు. ఇళ్ల నిర్మాణ పర్యవేక్షణ నా వృత్తి. ఆ కూడికలోని అంకెలతో నాకు పెద్ద పేచీ లేదు, ఆ పనులకు రమారమి అంత కాలమే పడుతుంది. పట్టికలో చోటు దొరకని వాటి గురించే ఈ ఉత్తరం. మేస్త్రీ ఇటుక నెమ్మదిగా పేర్చడం వల్ల ఆలస్యమైన ఇళ్లు తక్కువ. యజమాని చెప్పవలసిన ఒక మాట చెప్పవలసిన వారంలో చెప్పకపోవడం వల్ల ఆగిన ఇళ్లే ఎక్కువ.

పనులు జరిగే వరుస వేరు, వాటికి సంబంధించిన నిర్ణయాలు జరగవలసిన వరుస వేరు. చిట్టచివర ఇంట్లోకి వచ్చే వస్తువుల గురించే చాలాసార్లు అన్నిటికన్నా ముందు ఆలోచించవలసి వస్తుంది. వంటగదినే చూడండి. అల్మారాలు, గట్టు మీది రాయి, చిమ్నీ వచ్చి బిగించేది దాదాపు ఆఖరి నెలలో కాబట్టి ఆ సంగతి అప్పుడు చూసుకుందామని యజమానులు వాయిదా వేస్తారు. అయితే సింకు ఏ గోడకు వస్తుందో తెలియనిదే నీటి పైపు, మురుగు పైపు వేయడం కుదరదు. ఫ్రిజ్, ఓవెన్ ఎక్కడ పెడతారో తెలియనిదే కరెంటు పాయింట్లకు గోడలో గాడి కొట్టడం కుదరదు. చిమ్నీ గొట్టం బయటికి పోయే దారికి బీము అడ్డం వస్తుందో లేదో స్లాబు పోయకముందే చూసుకోవాలి. అంటే ఆఖరి నెలలో వచ్చే వంటగదికి నక్షా మాత్రం పునాది తవ్వే నాటికే సిద్ధంగా ఉండాలి.

స్నానాల గదిలో ఇది మిల్లీమీటర్ల వ్యవహారం. గోడలో దాగి ఉండే కుళాయి బాడీని ఎంత లోతున బిగించాలన్నది ప్లాస్టరు మందం, టైలు అతికించే మసాలా మందం, టైలు మందం కూడితే వచ్చే లెక్క. టైలు ఇంకా ఎంచుకోలేదంటే ప్లంబరు అంచనా మీద బిగిస్తాడు. తీరా టైలు మందంగా వస్తే కుళాయి పిడి గోడలోకి కూరుకుపోతుంది, పలచగా వస్తే దాని మీది పళ్లెం గోడకు ఆనక సందు కనిపిస్తుంది. అప్పుడు అతికించిన టైళ్లే పగలగొట్టాలి. ఆ రెండు మూడు రోజుల నష్టం ఏ కాలపట్టికలోనూ ఉండదు.

మెట్ల నిర్ణయం ఇంకా ముందే జరగాలి. కాంక్రీటు పోసేటప్పుడు ప్రతి మెట్టూ 150 మిల్లీమీటర్ల ఎత్తున సమానంగా కట్టారనుకుందాం. తరువాత పై అంతస్తులోనూ కింది అంతస్తులోనూ మసాలాతో కలిపి 50 మిల్లీమీటర్ల మందాన రాయి పరిచి, మెట్ల మీద 30 మిల్లీమీటర్ల పనే చేయిస్తే, మొదటి మెట్టు 130 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది, ఆఖరిది 170కి పెరుగుతుంది. మధ్యలోవన్నీ 150 గానే ఉంటాయి. కాలు ఒక ఎత్తుకు అలవాటు పడ్డాక ఒక్క మెట్టు తేడా వస్తే చాలు, మనిషి తూలుతాడు. నేల మీద ఏ రాయి, ఎంత మందం అన్న ప్రశ్నకు మెట్లకు సెంట్రింగ్ కొట్టే నాటికే జవాబు ఉండాలని ఎంతమంది యజమానులకు ముందుగా చెబుతున్నారు?

ఇక ఎవరూ పని చేయకపోయినా లెక్కలోకి రావలసిన రోజులున్నాయి. కాంక్రీటుకు ఉద్దేశించిన బలాన్ని 28 రోజుల దగ్గర కొలుస్తారు. మామూలు సిమెంటుతో అయితే అందులో సుమారు మూడింట రెండు వంతులు మొదటి 7 రోజుల్లో వస్తుంది. ఆ మొదటి వారమంతా తడి ఆరకుండా చూడాలి, బొగ్గు బూడిదో స్లాగో (ఇనుప కొలిమి చిట్టెం) కలిపిన సిమెంటైతే ఇంకొన్ని రోజులు ఎక్కువ. స్తంభాల చుట్టూ అచ్చుగా బిగించిన రేకులు మరునాడే తీయవచ్చు గానీ, స్లాబు కింది ఆసరాలను ఆ స్లాబును మోసే గోడలు లేదా బీముల మధ్య దూరం 4.5 మీటర్ల లోపైతే 7 రోజుల దాకా, అంతకు మించితే 14 రోజుల దాకా కదపకూడదు. 6 మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు ఉంచాలి. ఇవి కనీసపు గడువులు, అవీ వాతావరణం మరీ చల్లగా లేనప్పుడు. చలి పెరిగిన కొద్దీ సిమెంటు గట్టిపడటం నెమ్మదిస్తుంది కాబట్టి ఈ రోజులూ పెరుగుతాయి. అలాగని 28 రోజులూ పని ఆపి కూర్చోనక్కరలేదు, కింద ఆసరాలు ఉంచి పైన స్తంభాలు లేపుకోవచ్చు. అయితే ఆసరాలు నిలబడి ఉన్న గదిలో గోడ కట్టడం, పైపులు వేయడం సాగదు. ఈ చిక్కును మరచిన పట్టిక కాగితం మీద బాగుంటుంది, సైటులో నిలవదు.

తడి ఆరడం మరో సంగతి. నేల మీద పరిచిన సిమెంటు పొర మీద చెక్క ఫ్లోరింగు వేయాలంటే, మంచి గాలి వెలుతురు ఉన్నప్పుడు మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున ఆరనివ్వాలన్నది ఈ రంగంలో పాతుకుపోయిన లెక్క. 50 మిల్లీమీటర్ల పొరకు ఏడు వారాలకు పైమాటే. తడి ఆరని ప్లాస్టరు మీద లప్పం పెట్టి రంగు వేస్తే పొక్కులు లేస్తాయి, తెల్లటి ఉప్పు పొర బయటికి వస్తుంది. ఇంట్లో చేరే తేదీ ముంచుకొచ్చినప్పుడు ముందుగా కోత పడేది ఈ ఆరే రోజులకే, ఎందుకంటే వాటి తరఫున అడిగే పనివాడు ఉండడు. జిప్సం ప్లాస్టరుకు తడపడం అవసరం లేదు గనుక కొంత కాలం కలిసి వస్తుంది, తడి తగిలే గోడలకు మాత్రం అది పనికిరాదు.

ఏ పని ఆలస్యమైతే ఇల్లు ఆలస్యమవుతుందన్నది కూడా సొంత ఇల్లు కట్టేవారు తెలుసుకోదగ్గదే. పెద్ద నిర్మాణాలవారు దీనికోసం వాడే క్రిటికల్ పాత్ పద్ధతి 1950ల చివర అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కోసం రూపొందింది. దాని సారం ఇంటి పనికి సరిగ్గా వర్తిస్తుంది: ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పనుల గొలుసుల్లో అతి పొడవైన గొలుసే మొత్తం గడువును నిర్ణయిస్తుంది, మిగతావి కొంత అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ప్రహరీ గోడ రెండు వారాలు వెనకబడినా ఎవరికీ నష్టం లేదు. కిటికీలు అలా కాదు. గోడలో ఖాళీలు తేలాక కొలతలు తీసుకుని, ఫ్యాక్టరీలో చేయించి, తెచ్చి బిగించేసరికి వారాలు పడుతుంది. ఈలోగా వాన నీరు లోపలికి కొడుతుంది కాబట్టి లోపలి రంగులు, చెక్క పని, ఫ్లోరింగు అన్నీ వాటి కోసం ఆగుతాయి. నక్షాలోని కొలతలకే కిటికీలు ముందుగా చేయించి, ఖాళీలను ఆ కొలతకు కచ్చితంగా కట్టించడం ఒక మార్గం. దానికి మేస్త్రీ పనితనం మీద నమ్మకం ఉండాలి.

పని మొదలుపెట్టే తేదీ మీద నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. నేల పటుత్వ పరీక్ష ఫలితం రాకుండా, స్ట్రక్చరల్ డ్రాయింగులు (స్తంభాలు, బీములు, స్లాబుల నక్షాలు) పూర్తిగా చేతికి అందకుండా, మీద చెప్పిన నిర్ణయాలు కాగితం మీదికి ఎక్కకుండా పునాది తవ్వడం వల్ల కాలం ఆదా కాదు. సిడ్నీ ఒపెరా హౌస్ ఇల్లు కాదు, దాని స్థాయి వేరు. కానీ ఈ విషయంలో అంతకన్నా పేరుమోసిన పాఠం లేదు. పైకప్పు ఎలా కట్టాలో ఇంకా తేలకముందే 1959 మార్చిలో అక్కడ పని మొదలుపెట్టారు. ఆ పైకప్పు బరువు మోయలేవని తేలిన అడుగుభాగపు స్తంభాలను తరువాత తిరిగి కట్టవలసి వచ్చింది. 1963 నాటికి పూర్తవుతుందనుకున్న భవనం 1973లో తెరుచుకుంది. ఇంట్లోనైనా మేడ మీద మరో గది కావాలన్న కోరిక పునాది పడ్డాక పుడితే జరిగేది ఇదే, అంకెలు చిన్నవి అంతే. కాగితం మీద గోడను జరపడానికి ఒక పూట చాలు.

మరి మొత్తానికి ఎంత కాలం అనుకోవాలి? మన అంచనాలు మన ఉద్దేశాలను చూసి కుదురుతాయి గానీ ఇతరుల అనుభవాన్ని చూసి కాదని కానేమన్, ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే గుర్తించారు. కాబట్టి దశలవారీ కూడికను పక్కన పెట్టి, ఇంచుమించు అంతే విస్తీర్ణంలో, అదే కాంట్రాక్టరు కట్టిన ఇళ్లవారిని కలిసి, మొదటి నక్షా గీసిన రోజు నుంచి సామాను దించిన రోజు దాకా ఎంత పట్టిందో అడగడం మేలు. కాంట్రాక్టరు చూపే పట్టికకూ ఆ జవాబులకూ మధ్య కనబడే తేడాను యజమాని తన గడువుకు చివర కలుపుకోవాలి. దశ దశకూ కొంచెం కొంచెం పంచితే ఆ వెసులుబాటు మొదటి రెండు నెలల్లోనే ఖర్చయిపోతుంది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని మాట ఇవ్వడం కూడా ఇలా కలుపుకున్నాక వచ్చే తేదీని బట్టే జరగాలి.

ఒప్పందాల్లో ఆలస్యమైన రోజుకు కాంట్రాక్టరు సొమ్ములో ఇంత కోత అన్న షరతు మీద చాలామంది గట్టి భరోసా పెట్టుకుంటారు. ఆలస్యం యజమాని వైపు నుంచి వచ్చిన రోజున ఆ షరతు చెల్లదన్న సంగతి తగవు వచ్చినప్పుడు గానీ తెలియదు. దానికన్నా ఒప్పందానికి ఒక నిర్ణయాల పట్టిక జతచేసుకోవడం ఉపయోగం. ఏ తేదీలోగా యజమాని ఏమి ఎంచి చెప్పాలి, చెప్పకపోతే ఏ పని ఆగుతుంది అన్నది అందులో ఉండాలి. మధ్యలో కోరే ప్రతి మార్పుకూ అదనపు సొమ్ముతో పాటు అదనపు రోజులూ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సొమ్ము రాయడం అందరికీ అలవాటే, రోజులు రాయడమే లేదు. వాయిదాల చెల్లింపులు క్యాలెండరు తేదీలతో కాక పూర్తయిన దశలతో ముడిపడి ఉంటే, పని వెనకబడినప్పుడు డబ్బు ముందుకు పరుగెత్తదు.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. కొత్తగా కట్టిన ఇళ్ల గురించి రాసేటప్పుడు విస్తీర్ణం, ఖర్చు, హాలు ఫొటోలతో పాటు మూడు తేదీలు కూడా ప్రచురించండి: నక్షా పని ఎప్పుడు మొదలైంది, పునాది ఎప్పుడు తవ్వారు, ఎప్పుడు చేరారు. పని ఎక్కడైనా ఆగి ఉంటే ఏ నిర్ణయం కోసం ఆగిందో ఒక వాక్యం ఇవ్వండి. ఇల్లు కట్టబోయే పాఠకుడికి ఫొటోల కన్నా ఆ వాక్యంతో పని ఎక్కువ.

ఇట్లు,
గృహనిర్మాణ పర్యవేక్షణ వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు