కాన్పులో పడ్డ చిరుగుల, కుట్ల సంగతి ఎవరు అడుగుతారు?

సంపాదకుడు గారికి,

తల్లీ బిడ్డా క్షేమం అన్న కబురు రాగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆసుపత్రి రికార్డుల్లోనూ ఆ కాన్పు కథ దాదాపు అక్కడితో అయిపోతుంది. నార్మల్ కాన్పులో కింద ఎంత చిరిగింది, కుట్టు మానిందా, ఆ తల్లి విరేచనం ఆపుకోగలుగుతోందా అని అడిగే దిక్కు మాత్రం చాలామందికి లేదు. గాజువాక వైపు ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైనదాన్ని. బాలింతల ఇళ్లలో కళ్లారా చూసిన బాధ కాబట్టే రాస్తున్నాను.

ఒక ఇంట్లో తొలి కాన్పు, బిడ్డను వాక్యూమ్ పెట్టి తీశారు. మేం వెళ్లేసరికి ఆ అమ్మాయి మంచం అంచున ఒక తొడ మీదే బరువు మోపి కూర్చుంది. కింద మడతలు పెట్టిన పాత చీర. బిడ్డ బరువు చూశాం, బొడ్డు చూశాం, తల్లికి జ్వరం ఉందా అని అడిగాం. వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లాక మెల్లగా చెప్పింది: "మేడమ్, గ్యాస్ ఆగట్లేదు. ఒక్కోసారి బట్టలు పాడైపోతున్నాయి. ఆ భయానికి అన్నం తగ్గించేశాను." పాలిచ్చే తల్లి ఆమె! డిశ్చార్జి కార్డులో కుట్లు వేశామని రాశారు గానీ, చిరుగు ఎంత లోతో ఒక్క ముక్క లేదు.

మలద్వారాన్ని బిగించి పట్టే కండరం చిరిగితే మూడో డిగ్రీ, ఆ చిరుగు లోపలి పొర దాకా పోతే నాలుగో డిగ్రీ అంటారు. తొలి కాన్పులోనూ, ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటికి తీసే పటకారు లాంటి పరికరం) వాడినప్పుడూ, బిడ్డ బరువు ఎక్కువైనప్పుడూ ఈ ప్రమాదం ఎక్కువ. 1993లో లండన్ డాక్టర్లు స్కాన్ తీసి చూస్తే, తొలి కాన్పు అయినవాళ్లలో 35 శాతం మందికి ఆ కండరం దెబ్బతిని ఉంది. దాంతో ఇవి కంటికి అందని గాయాలనుకున్నారు. 2006లో అచ్చయిన మరో పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. 241 మందిని కాన్పు కాగానే శిక్షణ ఉన్న డాక్టరు మళ్లీ పరీక్షించారు. మొదట చూసినవాళ్లు 11 శాతం మందిలో గాయం ఉందంటే, రెండోసారి అది 24.5 శాతానికి చేరింది. స్కాన్‌లో కొత్తగా బయటపడ్డవి చాలా తక్కువ. అంటే వీటిలో ఎక్కువ భాగం జాగ్రత్తగా చూస్తే దొరికేవే. కుట్టే ముందు, కుట్టిన తర్వాత గ్లోవ్ వేసుకుని వేలితో పరీక్షించాలి, అంతే. పెద్ద మెషీన్లు అక్కర్లేదు.

ఇలాంటి పరిశోధనలు మన విశాఖలో ఎందుకు జరగకూడదు? 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, ఆడవాళ్ల కాన్పులు చేసే ఘోషా ఆసుపత్రి ఉంది. నగరం నుంచే కాదు, మన్యం నుంచీ గర్భిణులు వస్తారు. బ్రిటన్‌లో ఫోర్సెప్స్, వాక్యూమ్ కాన్పు అయినవాళ్లకు ఒకే ఒక్క డోసు యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు. ఇన్ఫెక్షన్లు 19 శాతం నుంచి 11 శాతానికి తగ్గాయని 2019లో తేలింది. ఇంత మామూలు ప్రశ్నకు కూడా ఎవరో ఒకరు పూనుకుని లెక్క తీస్తేనే జవాబు దొరికింది.

మన ఇళ్లలో ఇంకో సంగతీ ఉంది. బాలింతకు పథ్యం పేరుతో నీళ్లు, కూరలు తగ్గించేస్తారు. మలం గట్టిపడి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. లోతైన చిరుగు కుట్టాక విరేచనం మెత్తగా అయ్యేలా మందు ఇవ్వాలని వైద్యులే చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇచ్చే పథ్యం దానికి సరిగ్గా అడ్డం. అమ్మలకూ అత్తలకూ ఈ సంగతి డిశ్చార్జి రోజే కూర్చోబెట్టి చెప్పాలి.

ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి ఎలాగూ వెళ్తున్నారు. బిడ్డతో పాటు తల్లిని కూడా రెండు ప్రశ్నలు అడిగించండి: మూత్రం కారుతోందా, గ్యాస్, విరేచనం ఆపుకోగలుగుతున్నావా అని. అది కూడా అత్తగారు, భర్త పక్కన లేనప్పుడు అడగాలి. అవునంటే ఏ రోజు, ఏ గైనిక్ ఓపీకి వెళ్లాలో చీటీ మీద రాసివ్వాలి. చిరుగు ఏ డిగ్రీయో డిశ్చార్జి కార్డులో తప్పనిసరిగా రాసేలా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లకు కూడా అదే వర్తించాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
గాజువాక, విశాఖపట్నం