వయ్యారిభామ మీది పురుగుకు మందు కొట్టకండి

సంపాదకులు గారికి,

వానలు పడగానే ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ (పార్థీనియం) గుబురుగా లేస్తుంది. దాని ఆకులు జల్లెడలై, మీద పసుపు, తెలుపు పురుగులు పాకుతుంటే కాలనీవాసులు హడలిపోయి పురుగుమందు కొట్టమంటున్నారు. ఆ కలుపును తినడానికే 1983లో మెక్సికో నుంచి తెప్పించి, మరుసటి ఏడు బెంగళూరులో వదిలిన పెంకు పురుగు పిల్లలవి.

పెద్ద పురుగు సుమారు 6 మిల్లీమీటర్లుంటుంది. మీగడ రంగు రెక్కల మీద ముదురు గోధుమ రంగు వంకర చారలు నిలువునా ఉంటాయి. లార్వా, అంటే పిల్ల పురుగు, మొదట పసుపుగా ఉండి, ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. కొమ్మల చివర లేత మొగ్గల్లో వెతకండి. భూతద్దంలో ముందువైపు మూడు జతల కాళ్లే కనిపించాలి. పొట్ట కింద కూడా కండ కాళ్లుంటే అది రెక్కల పురుగు పిల్ల.

చిక్కంతా అక్షింతల పురుగుతోనే. ఆ పేరు మనం రెండింటికి వాడేస్తాం: పేనుబంకను తినే మిత్రపురుగుకూ, వంగ ఆకును గీకి తినే శత్రువుకూ! మిత్రపురుగు లార్వా నల్లగా, నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. వంగ మీది లార్వా పసుపే గానీ ఒళ్లంతా చీలికల ముళ్లు. వయ్యారిభామ మీది లార్వాకు అలాంటి ముళ్లుండవు.

పొద్దుతిరుగుడు రైతుల భయం పాతదే. 1990ల మొదట్లో కర్ణాటకలో ఈ పురుగు ఆ పైరును కొరికిందని గగ్గోలు పుట్టింది. వయ్యారిభామ పుప్పొడి ఆకుల మీద రాలడం వల్లే పురుగు అటు మళ్లిందని పరిశోధకులు తేల్చారు. కాబట్టి ఆ చేల గట్ల మీద మొక్కను పూతకు ముందే పీకాలి, చేతికి తొడుగు వేసుకుని.

పురుగు ఒక్కటే చాలదు. ఎండాకాలమంతా మట్టిలో నిద్రపోయి, వానలకు లేచి సంఖ్య పెంచుకునేసరికి తొలి మొక్కలు పూసేస్తాయి. పురుగు లేని చోట పీకండి, ఉన్న చోట జూలై నుంచి సెప్టెంబరు దాకా మందూ వద్దు, జేసీబీతో గీకడమూ వద్దు, ఎందుకంటే లార్వా కోశస్థ దశకు, అంటే పెద్ద పురుగుగా మారే దశకు, మట్టిలోకే దిగుతుంది. కొత్త చోటికి చేర్చాలంటే 500 నుంచి 1000 పెద్ద పురుగులను గాలి ఆడే డబ్బాలో, అదే ఆకులు వేసి, నీడపట్టున తీసుకెళ్లి ఆ రోజే వదలాలి.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు పార్థీనియం అవగాహన వారం జరుగుతుంది. మున్సిపల్ పారిశుధ్య సిబ్బందికి ఆ వారంలో ఈ లార్వాను చెట్టు మీదే చూపించి, పిచికారీ జాబితాలోంచి ఆ స్థలాలను తీసేయాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక వ్యవసాయ విస్తరణ కార్యకర్త, మహబూబ్‌నగర్